ఆ పక్కది వేరే పెండ్లి

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ ఎంత పొడవంటే, ఈ చివర నల్లజుట్టుతో ఎక్కినవాడు ఆ చివర దిగేసరికి తల నెరిసిపోతుందని ఒకసారి పత్రికలో రాశాను. మా అమ్మ ఫోన్ చేసి, "నాలుగుతో భాగిచ్చినా ఇది అబద్ధమే బిడ్డా" అంది. అమ్మకు ఆ లెక్క నా చిన్నప్పటి నుంచీ అలవాటు. గల్లీలో వంద కుక్కలు వెంటపడ్డాయని నేను ఏడుస్తూ వస్తే పాతిక అనుకునేది. బయటికి వచ్చి చూస్తే ఒక్కటే ఉండేది, అదీ పడుకుని ఉండేది. ఉన్నదానికి లేనిది కలిపి చెప్పడం నాకు రోగంగా మొదలై బతుకుదెరువుగా స్థిరపడింది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయే వాటిలో కొన్నింటిని మీరూ భాగించుకోవాలి. ఎక్కడ భాగించకూడదో మీకే తెలుస్తుంది.

పోయిన నెలలో ఒక సాయంత్రం మేరి ఆటోలో మా ఇంటికి వచ్చింది. మేరి దానం మామ కూతురు. మాదన్నపేటలో మా పుట్టింటికి మూడిళ్ళ అవతల వాళ్ళ ఇల్లు. ఆయన పూర్తి పేరు దేవదానం, మా నాన్నకు, అంటే బాపుకు, ప్రాణ స్నేహితుడు. ఆ మామతో నేను ముప్పై అయిదేళ్ళుగా మాట్లాడలేదు. ఇక మాట్లాడే వీలూ లేదు, ఎందుకంటే అప్పటికే ఆయన పోయి నెల దాటింది. మట్టి పెట్టేటప్పుడు కూడా నేను వెళ్ళలేదు. మేరి ఒళ్ళో ఒక అట్టపెట్టె ఉంది. మూలలు నలిగిపోయి ఉన్నాయి. దాని మూత మీద పొట్టి జుట్టంతా కరెంటు షాకు కొట్టినట్టు నిలబడి, మన అప్పు మన కంటే బాగా గుర్తున్నవాడిలా చూసే ఒక తెల్లాయన బొమ్మ. మా నాయనమ్మ ఆయన్ను ముళ్ళపంది అనేది. పెట్టెను చూడగానే గుర్తుపట్టాను. ఆ పెట్టె మాది.

"తెచ్చిచ్చినవా ఇన్నేండ్లకు?" అన్నాను, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా.

"ఇచ్చుడు కాదక్కా, అడుగుదామని తెచ్చిన," అంది మేరి. "నలభయ్యో దినం ప్రార్థన కూడిక వచ్చే ఆదివారం ఉంది. నాన్న ఆఖరి దినాలల్ల ఒక్కటే మాట చెప్పిండు. ప్రార్థన అయినంక ఈ ఆరింట్ల మీ బాపుకు మస్తు నచ్చిందేదో అది పెట్టాల్నంట. అది ఏదో నాకు తెల్వదు. నాన్నకూ తెల్వదు. 'సుజాతను అడుగు, ఆ పోరికే తెలుస్తది' అన్నడు. నువ్వు చెప్పాలె, వచ్చి పెట్టాలె."

పెట్టెలో ఉన్నవి మూత మీది ఆయన, డెన్మార్క్ దేశపు సంగీతకారుడు, పెద్ద వాద్యమేళం కోసం కట్టిన ఆరు సింఫనీలు, ఒక్కొక్క రికార్డు మీద ఒక్కొక్కటి. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో, రెండు బర్రెలు, ఒక నాయనమ్మ ఉన్న ఇంట్లోకి డెన్మార్క్ ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఎర్రకోట్ల గురించి చెప్పాలి.

బాపు, దానం మామ ఇద్దరూ బస్సుల వర్క్‌షాపులో పనివాళ్ళు. బాపు వెల్డింగు చేసేవాడు, మామ సొట్టలు పడిన బస్సులను సుత్తితో కొట్టి మనుషుల్లో కలిపేవాడు. పెళ్ళిళ్ళు మొదలైతే ఇద్దరూ జరీ అంచు ఎర్రకోట్లు తొడుక్కుని బ్యాండు మేళంలో చేరిపోయేవాళ్ళు. బాపుది క్లార్నెట్, మామది సైడ్ డ్రమ్ము. బస్సును కొట్టి కొట్టి అలవాటైన చేయి కాబట్టి మామ డ్రమ్ము మీద చేయి వేస్తే గుర్రం పెళ్ళికొడుకును వదిలేసి పారిపోయేది. "హాథ్ సంభాలో, దానం!" అని బ్యాండు ఉస్తాద్ ఇరవై ఏళ్ళు ఆయన చేతిని అదుపులో పెట్టమని అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నాడు. ఆ మేళానికి రెండు కట్టుబాట్లు ఉండేవి. దారిలో చావు ఇల్లు ఎదురైతే ఉస్తాద్ చేయెత్తేవాడు, బాకాలన్నీ ఆగిపోయేవి. అడుగులు తప్పకుండా మామ ఒక్కడు డ్రమ్ము అంచు మీద పుల్లతో టిక్కు టిక్కుమని కొడుతూ అందర్నీ ఆ ఇల్లు దాటించేవాడు. రెండోది, పెళ్ళికొడుకు లోపలికి వెళ్ళాక మేళం ఒక్కసారిగా ఆగదు. ముందు బాకాలు దిగుతాయి. డ్రమ్ము వాయిస్తూ వాయిస్తూనే వ్యాను వైపు నడిచి వెళ్ళిపోతుంది. గుమ్మం ముందు క్లార్నెట్ ఒక్కటే నిలబడి ఆఖరి ముక్క వాయిస్తుంది. అది ఇంటివాళ్ళకు చెప్పే సెలవు. దాని తర్వాత ఏమీ వాయించకూడదు.

అలాంటి ఇద్దరు మనుషులు ఒక గురువారం జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్లు తిరగేస్తుంటే ఈ పెట్టె కనబడింది. "గానా నై హై భాయ్, సిర్ఫ్ బాజా," అని అమ్మేవాడు తన కూతురి లోపం చెప్పే తండ్రిలా గొణిగాడట. పాటల్లేవు, ఒట్టి వాద్యాలే అని. "పాటల్లేకుంటెనే మంచిది బావా, మనమేమన్న పాడెటోళ్ళమా?" అన్నాడట మామ. అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి, పెట్టెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఇద్దరూ నిలబడి వచ్చారు. పెట్టె మీది ఇంగ్లీషు చదవడానికి పాస్టర్‌గారిని పిలిపించాం. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "ఈ మహాశయుడు డెన్మార్క్‌వాడు" అన్నాడు. లోపలి పుస్తకం సగానికి పైగా చెదలు తినేశాయి. డెన్మార్క్ వెన్నకు పేరు పొందిన దేశమని కూడా ఆయనే చెప్పాడు. అంతే, మా నాయనమ్మ ఆ పెట్టెను దేవుడి అర కింద పెట్టించింది.

ఇక మా ఆదివారాలు మారిపోయాయి. చర్చి వదిలాక మామ గంజి పెట్టిన తెల్లచొక్కాతో, తల మీద రికార్డు ప్లేయరుతో వచ్చేవాడు. ప్లేయరు వాళ్ళది, పెట్టె మా దగ్గర. వాళ్ళ ఇంటి కప్పు కారేది కాబట్టి ఈ ఏర్పాటు. వెనక సలోమి అత్త, మేరి. మామ చొక్కా గంజి వాసన, అత్త తలలో కొబ్బరినూనె, మా దొడ్లో పేడ, పొయ్యి మీద పొంగే పాలు, బాపు వేళ్ళకు ఎంత తోమినా పోని ఇనుము వాసన, ఇవన్నీ కలిస్తే నాకు ఇవాళ్టికీ సంగీతం. సూది పెట్టే పని నాది. మిగతావాళ్ళ చేతులు పాలకో, సబ్బుకో, గ్రీజుకో అంకితమైపోయాయి గనుక ఆ రికార్డులను నేను తప్ప ఎవరూ ముట్టకూడదని బాపు శాసనం.

మూడు నెలల్లో ఇంటిల్లిపాదికీ తలా ఒక సింఫనీ ఖాయమైంది. మూడోదానిలో ఒక ఆడగొంతు, ఒక మగగొంతు మాటల్లేకుండా పాడతాయి. నాయనమ్మ దాన్ని పట్టేసింది. "మాటల్లేవు కాబట్టి తిట్లు కూడ లేవు. మొగుడు పెండ్లాలు గిట్లుండాలె" అనేది. అది పెడితే మా పెద్దబర్రె అర లీటరు ఎక్కువ ఇచ్చేదని ఆమె వాదన, రెండు లీటర్లని నాది. రెండోదానిలో నాలుగు రకాల మనుషుల గుణాలున్నాయని పాస్టర్‌గారు చెప్పినందుకు అమ్మ దాన్ని తీసుకుంది. కోపిష్టి, బద్ధకస్తుడు, ఏడుపుగొట్టు, పకపకలాడేవాడు, నలుగురూ మా గల్లీలోనే ఉన్నారని, ఎవరెవరో పేర్లతో సహా చెప్పేది. అన్నిటికంటే గర్వంగా మొదలయ్యే మొదటిది సలోమి అత్తకు, రెండు పెద్ద డ్రమ్ములు చెరోపక్క నిలబడి కొట్టుకునే నాలుగోది మేరికి. ఆరోది నాది. అందులో బాకాలు ఆవులిస్తాయి, గంటలు వేళాకోళం చేస్తాయి, అంతా అయ్యాక ఒక మోటు వాద్యం అసభ్యంగా ఒక శబ్దం చేసి ముగిస్తుంది. పెద్దల ముందు పిల్లలు చేయకూడని శబ్దం అది. అలాంటిదాన్ని డెన్మార్క్‌లో కొలువు చేసే పెద్దమనిషి రాశాడంటే నాకూ ఈ లోకంలో చోటుందనిపించింది.

అయిదోది దానం మామది. చెదలు వదిలిన పేజీలో దాని గురించి రెండు వాక్యాలు మిగిలాయి. అందులో సైడ్ డ్రమ్ము వాయించేవాడు తన ఇష్టం వచ్చినట్టు కొట్టి మొత్తం మేళాన్ని ఆపడానికి ప్రయత్నించాలని రాసి ఉంది. పాస్టర్‌గారు అది చదవగానే మామ లేచి నిలబడ్డాడు. "ఇంగోసారి చదువుండ్రి అయ్యగారూ" అన్నాడు. మళ్ళీ చదివించుకున్నాడు. "నా చెయ్యి అదుపుల పెట్టుమన్నోళ్ళందరు వచ్చి వినుండ్రి! నాసొంటోడు డెన్మార్క్‌ల ఉన్నడు!" అని గల్లీలోకి వెళ్ళి అరిచాడు. మార్కెట్లో టమాటాలు వాటంతటవే దొర్లాయి. ఆ రికార్డు పెడితే ఆయన కళ్ళు మూసుకునేవాడు. వేళ్ళతో మోకాళ్ళ మీద వాయించేవాడు. మేళం ఒక పెద్ద ఊరేగింపులా ముందుకు కదులుతుంటే డ్రమ్ము అడ్డం పడి, తిట్టి, రాళ్ళు రువ్వి, చివరకు ఓడిపోయి, టిక్కు టిక్కుమంటూ దూరంగా వెళ్ళిపోతుంది. క్లార్నెట్ ఒక్కటే మిగులుతుంది. ఒంటరిగా కొంతసేపు మాట్లాడుకుని అదీ ఆగిపోతుంది.

అక్కడికి ఆ పక్క అయిపోయేది. మిగతా అయిదు రికార్డులను తిప్పి రెండో పక్క కూడా వినేవాళ్ళం. దీన్ని మొదటిసారి విన్నప్పుడు నేను అలవాటు కొద్దీ సూది ఎత్తి, "మామా, తిప్పాల్నా?" అని అడిగాను.

మామ కళ్ళు తెరిచి నన్ను వింతగా చూశాడు. "ఎందుకు తిప్పుడు? పెండ్లికొడుకును లోపటికి తోలినంక మల్ల గుర్రమెక్కిస్తరా?"

"ఆ పక్కన గూడ ఉంది మామా, గీతలున్నయి."

"ఉంటే ఉండనీ. ఆ పక్కది వేరే పెండ్లి బిడ్డా. మనల పిలువలే."

బాపు నవ్వాడు, కాదనలేదు. డ్రమ్ము వెళ్ళిపోయి క్లార్నెట్ సెలవు చెప్పాక ఇంకా వాద్యం ఉంటుందని నమ్మడం ఆ ఇద్దరు మేళగాళ్ళ వల్ల కాలేదు. ఆ రికార్డును మేమెవరం ఎన్నడూ తిప్పలేదు.

బాపు మాత్రం తనదేదో ఎంచుకోలేదు. "నీదేంది బాపు?" అని నేను ప్రతి ఆదివారం అడిగేదాన్ని. "ఆఖరుకు చెప్త తీ" అనేవాడు. "మీ బాపుకు అన్నీ గావాలె, ఒక్కదాని మీద మనసు నిలువదు" అని మామ ఎగతాళి చేసేవాడు. "బావా, నాది ఒప్పుకుంటే తక్కువైతవని భయమా?" అని రెచ్చగొట్టేవాడు. బాపు స్టీలు గ్లాసులో చాయ్ ఊదుకునేవాడు.

ఒక సోమవారం పొద్దున అద్దం ముందు గడ్డం సగం గీసుకుని బాపు నేల మీద కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. నాకు పంతొమ్మిదేళ్ళు. దీన్ని భాగించకండి. మామ పెళ్ళికి వచ్చినట్టు ఎర్రకోటు తొడుక్కుని డ్రమ్ముతో వచ్చాడు. పాడె లేచాక ముందు నడుస్తూ, చావు ఇల్లు దాటించేటప్పటిలాగే, అంచు మీద ఒక్క పుల్లతో కొట్టాడు. టిక్కు, టిక్కు. ఆడవాళ్ళం గుమ్మంలోనే ఆగిపోయాం. ఆ శబ్దం కూరగాయల మార్కెట్ మలుపు దాకా వినబడింది. తర్వాత వినబడలేదు. నా వెనక గోడకు మేకుకు బాపు క్లార్నెట్ వేలాడుతోంది. శ్మశానం నుంచి తిరిగి వచ్చి మామ అమ్మతో అన్నది ఒకే మాట. "ముందుగాల నేను పోవాలె గద చెల్లె. డ్రమ్ము పోవాలె. వరుస తప్పిండు వాడు."

పదకొండో రోజు జనం భోజనాలు చేస్తుండగా ఆయన దేవుడి అర కిందికి వంగి ఆ పెట్టె తీసుకున్నాడు. నేను అడ్డం నిలబడ్డాను. "మామా, అది బాపుది" అన్నాను. "తెలుసు" అన్నాడు. అంతే, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎవర్నీ అడగలేదు, ఎందుకో చెప్పలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు. మార్కెట్లో ఎదురైతే నేను తల తిప్పుకునేదాన్ని. రెండుసార్లు "బిడ్డా" అని పిలిచాడు. వినబడనట్టు బెండకాయలు విరిచి చూసుకున్నాను, బెండకాయలకు అంత పరీక్ష ఎప్పుడూ జరిగి ఉండదు. పెద్దయ్యాక, మనుషులను నవ్వించడం నేర్చాక, 'పెట్టె దొంగ మామ' అని ఒక వ్యాసమే రాశాను. అందులో పెట్టెను మంచమంత చేశాను. జనం పడీ పడీ నవ్వారు.

"నాన్న చదివిండు అది," అంది మేరి. పెట్టె మా ఇద్దరి మధ్య సోఫాలో ఉంది. "నేను దాచిపెట్టిన, దొరికిచ్చుకున్నడు. నవ్విండు. 'పెట్టె గంత పెద్దగ లేదు, పోరి పెంచి రాసింది' అన్నడు. దొంగ అన్నదానికి ఏం అనలే."

"ఎందుకు తీసుకపోయిండు మేరి?"

"నీకు తెల్వదా? మీ బాపుది ఏదో తెలుసుకుందామని. 'ఆఖరుకు చెప్త అన్నడు, చెప్పకుండ పోయిండు, నేనే కనిపెడుత' అని ప్రతి ఆదివారం తలుపేసుకుని వింటుండె. ఒక ఏడు నాలుగోదంటడు, ఒక ఏడు మూడోదంటడు. ఆఖరుకు, 'నాతోని గాదు, సుజాత బావ పక్కనే కూసుంటుండె, అది చూసి ఉంటది' అన్నడు. నిన్ను అడుగుమంటే నేనే భయపడ్డ అక్కా. నువ్వు కోపంల ఉన్నవని."

నేను పెట్టె తెరిచి ఒక్కొక్క రికార్డూ లైటు కింద పెట్టి చూశాను. అన్నీ అరిగాయి. అయిదోది మొదటి పక్క బూడిద రంగుకు తిరిగింది, తారురోడ్డులా. రెండో పక్క కొత్త బూటులా మెరుస్తోంది. ముప్పై అయిదేళ్ళు ఒంటరిగా విన్నా మామ దాన్ని తిప్పలేదు. నాకు ఏం గుర్తొచ్చిందో చెబుతాను. డ్రమ్ము దూరమైపోయి క్లార్నెట్ మిగిలిన ఆ రెండు నిమిషాలూ బాపు చాయ్ తాగేవాడు కాదు. గ్లాసును రెండు చేతులతో నిలువుగా పట్టుకునేవాడు. వేళ్ళు ఆ స్టీలు మీద, లేని రంధ్రాలను మూస్తూ తెరుస్తూ కదిలేవి. ఆఖరి స్వరం దాకా ఒక్కటీ తప్పేవి కాదు. ఆ తర్వాత చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి బర్రెలకు గడ్డి వేయడానికి లేచేవాడు. మిగతా అయిదింటికీ ఆ వేళ్ళు కదలలేదు. సూది పక్కన కూర్చున్న నేను ప్రతిసారీ చూశాను. ఎదురుగా కూర్చున్న మామ ఒక్కసారీ చూడలేదు, ఆయన కళ్ళు మూసుకుని డ్రమ్ము వాయిస్తుండేవాడు కదా. బాపుది ఆయనదే. మార్కెట్లో ఆయన "బిడ్డా" అన్నప్పుడు నేను బెండకాయలు కింద పెట్టి ఉంటే, ఈ మాట చెప్పడానికి అర నిమిషం పట్టేది.

మేరి వెళ్ళాక ఫోనులో ఆ అయిదోది వెతికి పెట్టుకున్నాను. ఇప్పుడు ఆరు సింఫనీలు కాదు, ఆరు వేలు జేబులోనే ఉంటాయి. తల మీద మోసుకొచ్చేవాడు అక్కర్లేదు, సూది పెట్టేవాళ్ళు అక్కర్లేదు. మా గల్లీలో బ్యాండు గది ఉన్నచోట ఫోన్ల దుకాణం వచ్చింది, బారాత్‌కు డీజే వ్యాను వస్తుంది, ఎవరి చావు ఇల్లు ఎదురైనా దాని శబ్దం తగ్గదు. ఫోనులో డ్రమ్ము వెళ్ళిపోయింది. క్లార్నెట్ సెలవు చెప్పింది. నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. ఫోనుకు తిప్పాల్సిన పని లేదు కదా, దానంతట అదే రెండో పక్కకు వెళ్ళిపోయింది. మేళం మొత్తం ఒక్కసారిగా లేచింది. పరుగెత్తింది, పడింది, మళ్ళీ లేచింది, ఆఖరుకు ఇల్లు కప్పు లేచేంత సంతోషంగా ముగిసింది. ఇందులో ఒక్క ముక్క కూడా నేను పెంచలేదు. అది వేరే పెళ్ళి కాదు, అదే పెళ్ళి. క్లార్నెట్ ఒంటరిగా మిగలడంతో అది అయిపోలేదు. బాపుకు తెలియదు. ముప్పై అయిదేళ్ళు తలుపేసుకుని విన్న మామకు తెలియదు. ఒక్కసారి తిప్పి ఉంటే తెలిసేది. తిప్పే చేయి నాదే.

ఆదివారం మాదన్నపేట వెళ్ళాను. మామ ఇంటి ముందు షామియానా కింద కుర్చీలు వేశారు. పాటలు పాడారు, పాస్టర్‌గారు ప్రార్థన చేశారు. ఈయన ఆ పాస్టర్‌గారి తర్వాత వచ్చినవాడి తర్వాతివాడు. మేరి ప్లేయరు తెచ్చి బల్ల మీద పెట్టింది. "బాపుకు నచ్చింది అయిదోది. మామది, బాపుది ఒక్కటే," అన్నాను. రెండు పక్కలూ వినిపించాలా, ఒకటేనా అన్నది అప్పటికీ నాకు తేలలేదు. సూది పెట్టాను. అరిగిన పక్క నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. మేళం కదిలింది, డ్రమ్ము అడ్డం పడింది. ముందు వరసలో సలోమి అత్త, ఎనభై దాటిన మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. డ్రమ్ము దూరమైంది. మార్కెట్ మలుపు దాకా వెళ్ళింది. తర్వాత వినబడలేదు. క్లార్నెట్ మిగిలింది, అదీ ఆగింది.

అత్త కళ్ళు తుడుచుకుని, "పోయిండమ్మా మీ మామ," అంది. "ఇప్పుడు వరుస సక్కగైంది. మీ బాపు వెనక నిలబడి తోలిచ్చిండు." నేను సూది ఎత్తి చేతిలోకి తీసుకున్న రికార్డు వైపు చూసింది. తిప్పని పక్క ఎండకు తళుక్కుమంది. "ఇంగ ఉన్నదా బిడ్డా?"

బతుకంతా లేనివాటిని ఉన్నాయని చెప్పినదాన్ని. ఉన్నదాన్ని లేదని చెప్పడం నాకు అదే మొదటిసారి.

"లేదత్తా," అన్నాను. "అయిపోయింది."